గొంతు మండిందని ఆలివ్ ఆయిల్ పారెయ్యకండి

హాయ్ అండీ అందరికీ, ఇవాళ వంటేం లేదు, ఇదిగో ఈ ఆలివ్ ఆయిల్ సీసా గురించే మాట్లాడదాం. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎక్స్‌ట్రా వర్జిన్, అంటే రిఫైన్ చెయ్యని రకం, అని చూసి కొన్నా, ఒక చెంచా పచ్చిగా నోట్లో వేసుకుంటే ముందు చేదు, ఆ తర్వాత గొంతులో సర్రున మంట, దగ్గు ఆగలేదు. అమ్మ వీడియో కాల్‌లోనే ఉంది, "నూనె ముక్కిపోయినట్టుందే, పారెయ్" అంది, పారేశా. ఆ మంట కోసమే ఇప్పుడు సీసాలు వెతుక్కుంటున్నా.

మంట పెట్టేదాని పేరు ఓలియోకాంథాల్. గ్యారీ బీచమ్ అనే సైంటిస్ట్ సిసిలీలో తాజా నూనె రుచి చూస్తే, అంతకుముందు ఐబుప్రోఫెన్ అనే నొప్పి మందు లిక్విడ్‌గా మింగినప్పుడు గొంతులో పుట్టిన మంటే మళ్ళీ వచ్చిందట, ఆ ఒక్క ముక్క పట్టుకుని వెళ్తే 2005లో నేచర్ అనే సైన్స్ పత్రికలో పేపర్ వచ్చింది, ఐబుప్రోఫెన్ ఆపే కాక్స్-1, కాక్స్-2 అనే, నొప్పి, వాపులతో సంబంధం ఉన్న ఎంజైమ్‌లనే ఓలియోకాంథాల్ కూడా ఆపుతుంది అని. అలాగని తలనొప్పికి నూనె తాగేయకండి, రోజుకి 50 గ్రాములు తీసుకున్నా నొప్పి మాత్ర డోసులో పదో వంతుకే సమానం అని వాళ్ళే లెక్కేశారు.

నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, కాయలో ఇది రెడీగా ఉండదండీ! కాయలో ఉండేవి ఓలియురోపిన్, లిగ్‌స్ట్రోసైడ్ అనే పదార్థాలు, ఒక్కోదానికీ ఒక గ్లూకోజ్ అంటుకుని ఉంటుంది, కాయల్ని నలిపి ముద్ద చేసి కలిపేటప్పుడు కాయలోని ఎంజైమ్‌లే ఆ గ్లూకోజ్‌ని తెంపేస్తాయి, అప్పుడు లిగ్‌స్ట్రోసైడ్ నుంచి ఓలియోకాంథాల్, ఓలియురోపిన్ నుంచి ఓలియేసిన్ తయారవుతాయి. ఓలియేసిన్‌లో హైడ్రాక్సీటైరోసాల్ అనే ముక్క ఉంటుంది, దానిలోని కార్బన్ రింగు మీద రెండు ఓహెచ్‌లు (ఆక్సిజన్-హైడ్రోజన్ జతలు) పక్కపక్కనే, ఫ్రీ రాడికల్, అంటే నూనెని పాడుచేసే చురుకైన కణం, ఏదైనా వస్తే ఒక హైడ్రోజన్ ఇచ్చేసి దాన్ని అక్కడే చల్లార్చేస్తుంది. సీసాలో నూనె తొందరగా ముక్కిపోకుండా కాపాడేది కూడా ఇదే, అంటే ముక్కిపోయిందనుకుని నేను పారేసింది దీన్నే.

మరి ఒంటికి ఏం చేస్తుంది అంటే, యూరోలివ్ అని ఒక స్టడీ ఉంది, 200 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకి రోజుకి 25 ఎంఎల్, ఫినాల్స్ (ఓలియోకాంథాల్, ఓలియేసిన్ లాంటివి) తక్కువ, మధ్యస్థం, ఎక్కువ ఉన్న మూడు నూనెలు మార్చి మార్చి ఇచ్చారు. ఫినాల్స్ పెరిగేకొద్దీ మంచి కొలెస్ట్రాల్ కాస్త పెరిగింది, ఆక్సిడైజ్ అయిన ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, తగ్గింది. తేడా చిన్నదే, కానీ మూడూ ఆలివ్ నూనెలే కదా, మారింది ఫినాల్సే, అందుకే నేను నమ్ముతా. యూరోపియన్ యూనియన్ రూల్ కూడా 2012 నుంచి ఉంది, 20 గ్రాముల నూనెలో హైడ్రాక్సీటైరోసాల్, దాని నుంచి వచ్చేవి కలిపి కనీసం 5 మిల్లీగ్రాములు ఉంటేనే రక్తంలో కొవ్వులు ఆక్సిడైజ్ అవ్వకుండా కాపాడుతుందని లేబుల్ మీద రాసుకోవచ్చు. ఆ 20 గ్రాములంటే 180 కేలరీలు, కాబట్టి వేరే నూనెకి బదులుగానే వాడండి, అదనంగా కాదు.

రిఫైన్ చేస్తే ఈ ఫినాల్స్ దాదాపు అన్నీ పోతాయి, రంగు చూసి ఏమీ చెప్పలేం. నేనైతే పంట తీసిన తేదీ చూస్తా, ముదురు రంగు గాజు సీసా తీసుకుంటా, స్టవ్‌కి దూరంగా పెడతా. ఆగండి, ఈ కొత్తది మీ ముందే రుచి చూస్తా... చేదు వచ్చింది... ఆ, ఇదిగో గొంతులో మంట... రెండుసార్లు దగ్గొచ్చింది, ఇది ఉంచుకుంటున్నా అండీ.