పాత సీపీయూలో కొత్త కార్డు: కాలిన కనెక్టరు చుట్టూ ఒక చర్చ

[రాజమహేంద్రవరంలోని ఒక స్థానిక చానల్ స్టూడియోలో జరిగిన చర్చకు ఇది అక్షర రూపం. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట్ల స్పష్టంగా వినిపించినంత వరకే రాశాము. మరమ్మతు నిపుణుడు తీసుకున్న సమయం మిగిలిన ముగ్గురికీ కలిపి కూడా దక్కలేదు.]

సంధానకర్త: నమస్కారం. పాలకొల్లు సమీపంలో వ్యవసాయం చేసుకునే ఒక తండ్రిగారు ఇంటర్మీడియట్ చదివే కొడుకు కోసం సెకండ్‌హ్యాండ్ ఆఫీసు కంప్యూటరు కొని, దానికి ఆటల బొమ్మలను తెర మీద గీసే గ్రాఫిక్స్ కార్డు వేయించగా, మూడో వారానికే లోపలి తీగలు కాలిపోయాయి. తప్పు అమ్మినవారిదా, కొన్నవారిదా, పాత యంత్రాన్ని కొత్త ఆటలకు సిద్ధం చేయాలనుకోవడమే తప్పా అని మన జిల్లాల్లో వాదన నడుస్తోంది. నలుగురికీ సమాన సమయం ఇస్తానని మాట ఇస్తున్నాను. తండ్రిగారూ, కార్డుకు బిల్లు తీసుకున్నారా?

తండ్రి: బిల్లు సంగతి తరువాత చెబుతానండి, ముందు ఇది చూడండి. [ప్లాస్టిక్ కవరులోంచి ఒక కనెక్టరు తీసి బల్లపై పెట్టారు. దాని ఒక మూల కరిగి, నల్లగా ముడుచుకుపోయింది. పసుపు తీగ తొడుగు ఊడి లోపలి రాగి కనిపిస్తోంది.] మా అబ్బాయి ఆట మధ్యలో ఉండగా తెర నల్లబడింది. కమురు వాసన వంటింటి దాకా కొట్టడంతో వాళ్ల అమ్మ పరుగున వచ్చి మెయిన్ ఆపేసింది.

మరమ్మతు నిపుణుడు: [కనెక్టరు చేతిలోకి తీసుకుని] ఇది సాటా తీగను ఎనిమిది పిన్నుల తీగగా మార్చే అడాప్టరు. సాటా కనెక్టరు హార్డ్ డిస్కుల కోసం తయారైంది. 12 వోల్టుల దగ్గర అది 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు మాత్రమే మోయగలదు. ఎనిమిది పిన్నుల సాకెట్టున్న కార్డు ఆ దారిలో 150 వాట్ల దాకా లాగవచ్చు. మీ సీపీయూలో ఉన్న ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ విద్యుత్తు అందించే పెట్టె, మొత్తం ఎన్ని వాట్లదండి?

తండ్రి: 240 అని రాసి ఉందండి.

మరమ్మతు నిపుణుడు: మొత్తం యంత్రానికి 240 వాట్లు! అందులో ప్రాసెసరు, డిస్కు, ఫ్యాన్లు పోగా కార్డుకు మిగిలేదెంత? కార్డు తీసుకునే ముందు ఎస్‌ఎంపీఎస్ మీద అతికించిన కాగితం చదవండని ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ చెబుతున్నాను.

సంధానకర్త: బిల్లు ఉంటే ఆ దుకాణం జవాబు చెప్పవలసి వచ్చేది కదా?

విక్రేత (భీమవరం): నాకు అవకాశం ఇవ్వండి. ఆ యంత్రం 2013 నాటి నాలుగో తరం ప్రాసెసరుది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఆ ప్రాసెసరుకు విండోస్ 11 అధికారికంగా లేదు. అలాంటి దాని మీద మళ్లీ డబ్బు పెట్టించడం...

మరమ్మతు నిపుణుడు: [అడ్డుకుంటూ] ఆగండి, ఆగండి. మీరు కొత్తవి అమ్ముతారు కనుక కొత్తదే కొనమంటున్నారు. పాలకొల్లు నుంచి అమలాపురం దాకా ఎన్ని ఇళ్లలో పూర్తి కొత్త యంత్రం కొనగల స్తోమత ఉంది? బోర్డు మీద కార్డును గుచ్చే స్లాటు నుంచే 75 వాట్ల లోపు తీసుకుని, విడిగా తీగ అడగని కార్డులు ఉన్నాయి. జీటీఎక్స్ 1650లో అలాంటి రకాలు వచ్చాయి. 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 వాడేది 70 వాట్లే. అదే వేసి ఉంటే ఈ కనెక్టరు ఇక్కడికి వచ్చేది కాదు.

విక్రేత: అయినా విండోస్ సంగతి...

మరమ్మతు నిపుణుడు: దాని దగ్గరికీ వస్తాను. [రాలేదు.]

అధ్యాపకురాలు (కాకినాడ): ఇద్దరూ వాట్ల దగ్గరే ఆగిపోయారు. కార్డుకు విద్యుత్తు సరిపోయినంత మాత్రాన ఆట సాఫీగా నడుస్తుందనుకోకూడదు. ప్రతి ఫ్రేములో ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో ముందు ప్రాసెసరు లెక్కగట్టి పంపితేనే కార్డు దాన్ని గీస్తుంది. ప్రాసెసరు నెమ్మదిస్తే పెద్ద కార్డు ఖాళీగా కూర్చుంటుంది, జనం రద్దీగా ఉండే దృశ్యాల్లో ఆట తడబడుతుంది.

తండ్రి: అంటే తూము చిన్నదై కాలువ వెడల్పు చేసినట్టా అమ్మా?

అధ్యాపకురాలు: సరిగ్గా అదే. స్లాటు దగ్గరా ఇదే చిక్కు ఉంది. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డుకు నాలుగే లేన్లు, అంటే సమాచారం వచ్చిపోయే దారులు, ఉన్నాయి. ఆ స్లాటు పద్ధతి పేరు పీసీఐ ఎక్స్‌ప్రెస్. దాని నాలుగో తరం బోర్డులో అది నెట్టుకొస్తుంది కానీ, మూడో తరం స్లాటున్న పాత బోర్డులో ప్రతి లేను వేగం సగమవుతుంది. దానికి ఉన్న 4 జీబీ మెమొరీ నిండి ప్రధాన మెమొరీ నుంచి తెచ్చుకోవలసి వచ్చినప్పుడు...

మరమ్మతు నిపుణుడు: శివారు పొలానికి నీరందదు! మేడమ్ గారు చెప్పింది నిజమే, కానీ నేను చెప్పేది ఇంకా ముందు మాట. మండపేట నుంచి వచ్చే సీపీయూలు విప్పితే ప్రాసెసరు వేడిని లాగే హీట్‌సింకు రెక్కల మధ్య రైస్‌మిల్లు ధూళి దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. దాన్ని రెండు వేళ్లతో పట్టి లాగితే ఒకే పొరగా ఊడి వస్తుంది. నరసాపురం నుంచి వచ్చేవాటిలో ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పడతాయి, పిన్నుల మీద పచ్చని పొర కడుతుంది. మే నెల ఎండలో, ఆ ధూళితో, ఆ పిన్నులతో మీరు 150 వాట్ల కార్డు...

సంధానకర్త: ధూళి సంగతి అర్థమైంది. ఇందులో బిల్లు ఎక్కడ ఉంది?

అధ్యాపకురాలు: నా వాక్యం పూర్తి కాలేదు.

సంధానకర్త: వస్తాను మేడమ్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు రుసుము కూడా లేదు. అయినా మనవాళ్లు బిల్లు అడగరు.

విక్రేత: బిల్లు లేని కార్డులు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా అడగండి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో దాని మైనింగుకు, అంటే లెక్కలు చేయించి ఆ నాణేలు సంపాదించడానికి, కార్డుల అవసరం ఒక్క రోజుతో పోయింది. రాత్రీ పగలూ తిరిగిన కార్డులు తుడిచి, కొత్త అట్టపెట్టెలో...

మరమ్మతు నిపుణుడు: మైనింగు కార్డులన్నీ చెడ్డవి కావు. ఫ్యాన్లు అరిగిపోతాయి, చిప్పు వేడిని హీట్‌సింకుకు చేర్చే థర్మల్ పేస్టు ఎండిపోతుంది. ఆ రెండూ మారిస్తే పనిచేసినవి నా బల్ల మీద చాలా చూశాను. ఒక గంట ఆట నడిపి చూపించనిదే డబ్బు ఇవ్వవద్దు, అంతే. నేను మళ్లీ చెబుతున్నాను: ముందు ఎస్‌ఎంపీఎస్, ఆ తరువాత ప్రాసెసరు, ఆ తరువాతే కార్డు.

అధ్యాపకురాలు: ఆట పేరు వీటన్నిటికన్నా ముందు రావాలి. ఇటీవలి కొన్ని ఆటలు రే ట్రేసింగ్, అంటే వెలుగు కిరణాల దారి లెక్కగట్టి బొమ్మ గీసే, హార్డ్‌వేరు లేని కార్డు మీద మొదలే కావు. జీటీఎక్స్ 1650కి అది లేదు. ఏ ఆట కోసమో పిల్లవాడిని అడగకుండా కార్డు ఎంచుకుంటే ఇంకోసారి డబ్బు పోతుంది. మీ అబ్బాయికి ఏ ఆట కావాలండి?

తండ్రి: పేరు నాకు నోరు తిరగదమ్మా. వాడికి రాత్రి ఫోను చేసి...

మరమ్మతు నిపుణుడు: ఏ ఆటయినా ఎస్‌ఎంపీఎస్ లేకుండా నడవదు కదా! రైతుగారూ, ఆ సీపీయూ రేపు నా దగ్గరికి పంపండి.

విక్రేత: ఆ ఆఫీసు యంత్రాల్లో చాలావాటికి బజారులో దొరికే ఎస్‌ఎంపీఎస్ అమరదు. పిన్నులు వేరు, ఆకారం వేరు. ఆ మాట కూడా చెప్పండి.

మరమ్మతు నిపుణుడు: దానికి మార్పిడి తీగలు ఉన్నాయి.

అధ్యాపకురాలు: మార్పిడి తీగే కదండీ ఇప్పుడు బల్ల మీద కాలిపోయి ఉంది!

మరమ్మతు నిపుణుడు: ఇది వేరు, అది వేరు మేడమ్ గారూ. అది బోర్డుకు వెళ్లే తీగ, ఇది... [ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.]

సంధానకర్త: సమయం అయిపోయింది. తండ్రిగారూ, ఒక్క మాటలో చెప్పండి. బిల్లు ఇచ్చారా, లేదా?

తండ్రి: ఇదేనండి ఇచ్చింది. [జేబులోంచి మడత కాగితం తీశారు. దాని మీద దుకాణం పేరు లేదు. మొత్తం, కింద "వారంటీ లేదు" అన్న రెండు మాటలు ఉన్నాయి.]

మరమ్మతు నిపుణుడు: కాగితం తరువాత చూద్దాం, ఆ ఎస్‌ఎంపీఎస్ మీద 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో...

[ప్రసారం ఇక్కడ ముగిసింది.]