నిర్బంధ జాతీయ సేవ: ఒక అధ్యాపకుడి అభ్యంతరం

అధ్యక్షులవారికి, గ్రంథాలయ వారోత్సవాలు నిర్వహిస్తున్న పెద్దలకు, ఈ సాయంత్రం శ్రమ తీసుకుని ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రులకు, విద్యార్థులకు నమస్కారం.

పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి యువకుడూ, ప్రతి యువతీ ఒక ఏడాదిపాటు దేశానికి సేవ చేసి తీరాలని చట్టం చేయాలా అన్నది ఈనాటి విషయం. "రెండేళ్లు మిలిటరీలో వేస్తే అందరూ దారికొస్తారు" అనే మాట మన పెద్దల నోట తరచుగా వినిపిస్తుంది. డిగ్రీ కళాశాలల్లో ఇరవై ఆరేళ్లు పాఠం చెప్పి, అందులో పదకొండేళ్లు ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసరుగా పనిచేసినవాణ్ణి కనుక, ఆ మాట వెనకున్న ఆందోళన నాకు బాగా తెలుసు. పిల్లలు ఊళ్లకు వెళ్లాలి, తమవి కాని కష్టాలను దగ్గరగా చూడాలి అనే కోరిక నాకూ ఉంది. అయితే చట్టం ఎవరినైనా కట్టిపడేయవలసి వస్తే, ముందుగా కట్టిపడేయవలసింది ప్రభుత్వాన్నే అని చెప్పడానికి ఇక్కడికి వచ్చాను.

రాజ్యాంగంతో మొదలుపెడతాను. 23వ అధికరణంలోని మొదటి ఖండం మనుషుల క్రయవిక్రయాన్ని, వెట్టిచాకిరిని, అటువంటి బలవంతపు పనులన్నిటినీ నిషేధించింది. రెండో ఖండం, ప్రజాప్రయోజనాల కోసం రాజ్యం నిర్బంధ సేవను విధించవచ్చునని, విధించేటప్పుడు కేవలం మతం, జాతి, కులం, వర్గం కారణంగా వివక్ష చూపరాదని చెప్పింది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన ప్రాథమిక విధుల్లో, పిలుపు వచ్చినప్పుడు దేశాన్ని రక్షించడం, జాతీయ సేవ చేయడం ఒకటి. కాబట్టి ఇది రాజ్యాంగానికి విరుద్ధమని నేను వాదించడం లేదు. కానీ వెట్టిని తీసివేసిన వాక్యం, నిర్బంధ సేవను అనుమతించిన వాక్యం ఒకే అధికరణంలో పక్కపక్కన ఉన్నాయన్న సంగతి తెలంగాణ బిడ్డలు ఒక క్షణం ఆగి ఆలోచించవలసిన విషయం. మా నాయనమ్మ పుట్టింటి నుంచి రోజూ ఒక మనిషి దొర గడికి వెట్టికి వెళ్లాలట. తమ మడిలో నాట్లు పడే రోజైనా సరే, ఇంట్లో బాలింత ఉన్నా సరే. దొర పొలంలో నాటు వేసి వచ్చేసరికి మా నారు ముదిరిపోయేదని ఆమె చెబుతుంటే విన్నాను. చేయించుకున్నవాళ్లు దాన్ని ఆనవాయితీ అన్నారు. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువ కూలికి పని చేయించుకోవడం కూడా ఈ అధికరణం నిషేధించిన బలవంతపు పనే అవుతుందని తీర్పు ఇచ్చింది. గౌరవభృతి పేరుతో నాలుగు రూపాయలు చేతిలో పెట్టి ఏడాది సేవ చేయించుకోవాలని ఆలోచించేవారు ఆ తీర్పును ఒకసారి చదవాలి.

ఇది మన దేశానికి కొత్త ఆలోచన కూడా కాదు. 1959లో కేంద్రం మాజీ ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి భర్తగా ఆయన మనకు మరింత పరిచితులు. హైస్కూలు చదువు ముగించి కళాశాలలో చేరబోయే విద్యార్థులందరికీ తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా నిర్బంధ సేవ ఉండాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. దానికయ్యే ఖర్చు, చేయవలసిన ఏర్పాట్లు చూసి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ తర్వాత ఇతర దేశాల అనుభవాన్ని పరిశీలించిన విద్యావేత్త కె.జి. సయ్యదైన్, సేవ స్వచ్ఛందంగా ఉండడమే మేలని చెప్పారు. ఇంతలో చైనా యుద్ధం వచ్చింది. 1963లో కళాశాల విద్యార్థులకు సైనిక శిక్షణనిచ్చే ఎన్.సి.సి.ని తప్పనిసరి చేశారు, అయిదేళ్లకే, 1968లో, మళ్లీ ఐచ్ఛికం చేశారు. ఆ మరుసటి ఏడాది, గాంధీ శతజయంతి సందర్భంగా సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ఎన్.ఎస్.ఎస్. మొదలైంది. ఇష్టపడినవాళ్లే చేరాలన్నది మొదటి నుంచీ దాని పద్ధతి. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక వారం రోజుల ప్రత్యేక శిబిరం.

ఆ వారం రోజుల శిబిరాల్లోనే నేను ఈ విషయాన్ని నేర్చుకున్నాను. ఒక ఏడాది మేము ఒక చిన్న ఊళ్లో, ప్రాథమిక పాఠశాల వరండాలో మకాం పెట్టాం. సర్టిఫికెట్ కోసం వచ్చిన కుర్రాళ్లు మొదటి రోజు ఉత్సాహంగా ఇంకుడు గుంతలు తవ్వారు. ఫొటోలు తీసుకున్నారు. మరుసటి వేసవిలో వెళ్లి చూస్తే ఆ గుంతల నిండా మట్టి పేరుకుపోయి ఉంది. అదే శిబిరంలో బి.కాం. రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి, పలుగు పట్టడం చేతకాక, పాఠశాల ఎదురుగా అరుగు మీద కూర్చున్న ఒక ముసలావిడతో మాటల్లో పడింది. ఆధార్ కార్డులో ఒక పేరు, బ్యాంకు పాసుపుస్తకంలో మరో పేరు ఉండడం వల్ల ఆవిడ పింఛను ఎనిమిది నెలలుగా ఆగిపోయింది. ఆ అమ్మాయి దరఖాస్తు రాసి, ఆవిడ వేలిముద్ర వేయించి, మండల కార్యాలయానికి వెంట తీసుకువెళ్లింది. మొదటి రోజు సారు లేరన్నారు, రెండో రోజు సర్వర్ పనిచేయడం లేదన్నారు, మూడో రోజు పని అయింది. ఈ పని శిబిరం కార్యక్రమ పత్రంలో లేదు, ఎవరూ ఆమెకు అప్పగించలేదు. ముసలావిడ ఇచ్చిన రెండు జామపళ్లను ఆమె రుమాలులో మూటకట్టి తెచ్చి నాకు చూపించడం ఇప్పటికీ కళ్లముందు కదులుతుంది.

కొన్నేళ్ల తర్వాత నేను పనిచేసిన మరో కళాశాలలో యాజమాన్యం విద్యార్థులందరూ ఎన్.ఎస్.ఎస్.లో చేరి తీరాలని నిర్ణయించింది. వంద మందికి ఉన్న ఏర్పాట్లు ఆరువందల మందికి ఎలా సరిపోతాయి? తనిఖీకి ముందు రాత్రి నలుగురు విద్యార్థులు కూర్చుని అందరి డైరీల్లోనూ 240 గంటలు నింపేశారు. ఆ డైరీల మీద సంతకం పెట్టమని నన్ను అడిగారు. పెట్టలేదు, పెట్టడానికి వేరొకరు దొరికారు. నిర్బంధం అన్నప్పుడల్లా ఆ రాత్రే నాకు గుర్తుకు వస్తుంది.

ఒక కళాశాలలో జరిగింది దేశమంతటా జరిగితే ఏమవుతుందో ఒకసారి లెక్క వేద్దాం. మన దేశంలో ఏటా రెండు కోట్ల మందికి పైగా పద్దెనిమిదో ఏట అడుగుపెడతారు. రెండు కోట్ల మందికి, రోజుకు 300 రూపాయల చొప్పున, 300 రోజులకు ఇస్తే లక్షా ఎనభై వేల కోట్ల రూపాయలవుతుంది. 2024-25 బడ్జెట్‌లో ఉపాధి హామీకి కేటాయించింది 86 వేల కోట్లు. తిండి, వసతి, ప్రయాణం, పర్యవేక్షణ ఈ లెక్కలో లేనే లేవు. ఇంత డబ్బు లేదంటే మిగిలే దారి జీతం ఎగ్గొట్టడమో, మినహాయింపులు ఇవ్వడమో. మినహాయింపులు ఎవరికి దొరుకుతాయో మనందరికీ తెలుసు. అమెరికాలో సీటు వచ్చిన పిల్లవాడికి ఆగస్టులో విమానం ఎక్కాలన్న కారణం ఉంటుంది. తండ్రి పోయి, హైదరాబాదులో బండి మీద తిండి పొట్లాలు చేరవేస్తూ ఇంటికి నెలకు పదివేలు పంపే పిల్లవాడి కారణం రాయడానికి ఏ దరఖాస్తులోనూ చోటు ఉండదు. ఇక ఆడపిల్లల సంగతి. వారం రోజుల శిబిరానికే పంపనని నాతో వాదించిన తల్లిదండ్రులను ఎందరినో చూశాను. ఏడాది నిర్బంధం వస్తే, పెళ్లయినవారికి మినహాయింపు ఉంటుందా అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న అవుతుందని నా భయం.

నైజీరియా ఉదాహరణ తరచుగా చెబుతారు. అంతర్యుద్ధం ముగిశాక, 1973లో, పట్టభద్రులు ఏడాదిపాటు సొంత రాష్ట్రం కాని చోట పనిచేయాలని ఆ దేశం చట్టం చేసింది. భాషలు, తెగలు వేరైనవాళ్లు ఒకరినొకరు తెలుసుకోవాలన్న ఆ ఉద్దేశం గొప్పదే. మన ఆదిలాబాద్ పిల్ల మిజోరంలో ఏడాది ఉంటే ఎంత నేర్చుకుంటుందో నేను ఊహించగలను. కానీ 2011 ఎన్నికల తర్వాత చెలరేగిన హింసలో, ఎన్నికల విధుల్లో ఉన్న సేవాదళం యువతీయువకులు బౌచీ రాష్ట్రంలో ప్రాణాలు కోల్పోయారు. చట్టంతో పిలిచి, ముక్కూమొహం తెలియని ఊరికి పంపిన పిల్లల ప్రాణానికి పూచీ పడే శక్తి ప్రభుత్వానికి ఉండాలి.

డాక్టర్ల మాటేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ప్రభుత్వ ఖర్చుతో స్పెషలిస్టు అయిన వైద్యుడు కొన్నాళ్లు ప్రభుత్వాసుపత్రిలో పనిచేయాలన్న బాండును 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు మన తెలుగువారే. ఆ తీర్పుతో నేను ఏకీభవిస్తాను. అక్కడ సీటు తీసుకునేటప్పుడే షరతు తెలుసు, తీసుకున్నదీ ఎక్కువే. కేవలం పుట్టి పద్దెనిమిదేళ్లు బతికినందుకు విధించే బాకీ అటువంటిది కాదు.

నిజానికి మన యువతలో సేవాభావం కరువైందన్న మాటే తప్పు. తెల్లవారుజామున నాలుగింటికి ఏ మండల కేంద్రంలోనైనా జూనియర్ కళాశాల మైదానానికి వెళ్లి చూడండి, సైన్యంలో ఎంపిక కోసం పరుగెత్తే పిల్లలు కనిపిస్తారు. సైన్యంలోకి నాలుగేళ్లకే తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించాక, 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, కాల్పుల్లో ఒక యువకుడు మరణించాడు. ఆ విధ్వంసాన్ని నేను సమర్థించను. కానీ ఆ గుంపులో ఉన్నవాళ్లలో ఎక్కువమంది సేవ వద్దన్నవాళ్లు కారు. ఏళ్లతరబడి సేవకు సిద్ధమై, తలుపు తెరవలేదని కోపగించినవాళ్లు. 1991లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో, రాత్రిపూట ఊళ్లలో మహిళలకు అక్షరాలు దిద్దించిన యువకులను ఏ చట్టం పిలిచింది? ఆ చదువుల నుంచే దూబగుంట మహిళల పోరాటకథ వాచకంలో పాఠమైంది, ఆ పాఠం ఊరూరా సారా వ్యతిరేక ఉద్యమాన్ని రాజేసింది, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది.

నేను కోరేది ఒక సేవా హామీ చట్టం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. పని అడిగిన పదిహేను రోజుల్లో పని చూపాలి, లేకపోతే భృతి ఇవ్వాలి అన్నది ఆ చట్టం పెట్టిన నియమం. అడిగే హక్కు కూలీది, బాధ్యత ప్రభుత్వానిది. అదే పద్ధతిలో, పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ల మధ్య వయసున్న ఎవరు అడిగినా ఒక ఏడాది సేవకు చోటు చూపాలి. కనీస వేతనం, వసతి, బీమా ఇవ్వాలి. ఆ ఏడాదిని ఉద్యోగ అనుభవంగా గుర్తించాలి, వయోపరిమితిలో సడలించాలి. ఆడపిల్లలకు సొంత జిల్లాలో చేసే వీలుండాలి. అడిగినవాళ్లందరికీ చోటు చూపగలిగే రోజు వచ్చాక, అడగనివాళ్లను ఏం చేద్దామో మళ్లీ ఇదే హాలులో కూర్చుని చర్చిద్దాం.

ఈ భవనంలో వెనక ఉన్న పిల్లల గది సాయంత్రం అయిదింటికే మూతపడుతోంది, చూసుకునే మనిషి లేక. మన పక్కనున్న మూడు ఊళ్ల శాఖా గ్రంథాలయాలదీ అదే స్థితి. అటువంటి చట్టం వచ్చిన నాడు మన పట్టణంలో మొదటి నాలుగు చోట్లు ఎక్కడ చూపాలో ఇప్పుడే రాసి ఉంచవచ్చు. ఈ మేరకు జిల్లా అధికారులకు పంపే వినతిపత్రం అధ్యక్షులవారి బల్ల మీద ఉంది. చదివి, నచ్చితే సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను.