యార్డు దాటిన పరిచయాలు

అందరికీ నమస్కారం. మిర్చి యార్డు నిండా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతున్న రోజుల్లో ఒక పూట పని పక్కనపెట్టి వచ్చారు, కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

లింక్డ్‌ఇన్ అనగానే "అది ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలకండీ, మిర్చి వ్యాపారానికి దానితో పనేంటి" అనే మాట గుంటూరులో ఎవర్ని కదిలించినా వినిపిస్తుంది. పని, వ్యాపార పరిచయాల కోసం 2003లో మొదలైన ఆ ఆన్‌లైన్ వేదిక మీద ఇవాళ 100 కోట్లకు పైగా సభ్యులున్నారు, అందులో 10 కోట్లకు పైగా మన దేశం వాళ్ళే. వాళ్ళలో మసాలా కంపెనీలకు సరుకు కొనేవాళ్ళున్నారు, కంటైనర్లు బుక్ చేసేవాళ్ళున్నారు, ల్యాబుల్లో అఫ్లాటాక్సిన్, అంటే బూజు వల్ల పుట్టే విషం, ఉందేమోనని పరీక్షలు చేసేవాళ్ళున్నారు, మిర్చిలోంచి ఓలియోరెసిన్, అంటే ఘాటూ రంగూ ఉన్న సారం, తీసే ఫ్యాక్టరీల వాళ్ళున్నారు. మీకు కావలసిన మనుషులు అక్కడ ఉన్నారు, మీరు లేరు. నా బాధంతా అదే.

మన ఊళ్ళో వ్యాపారం మనిషి మీదే నడుస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు. రైతు ఏ కమీషన్ కొట్టుకి సరుకు తెస్తాడు, కోల్డ్ స్టోరేజీలో జాగా ఎవరికి దొరుకుతుంది, డబ్బు నాలుగు రోజులు ఆలస్యమైతే ఎవరి మాట మీద సర్దుకుంటారు, అన్నీ పరిచయాలే. అది చాలా గొప్ప బలం, దాన్ని వదులుకోమని ఎవరూ అనరు. కాకపోతే మీరు రోజూ మాట్లాడేవాళ్ళందరూ ఒకరితో ఒకరు కూడా రోజూ మాట్లాడుకునేవాళ్ళే. పొద్దున మీకు తెలిసిన రేటు మీరు టీ తాగేలోపు పక్క కొట్టుకీ తెలుసు. తేజ రకం మిర్చికి చైనా ఆర్డర్లు తగ్గాయన్న కబురు అందరికీ ఒకేసారి వస్తుంది, అందరూ ఒకేసారి అమ్మకానికి దిగుతారు, రేటు ఇంకా జారుతుంది.

మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం రాశాడు. బోస్టన్ దగ్గర కొత్తగా ఉద్యోగం మారినవాళ్ళని, ఈ ఉద్యోగం సంగతి మీకు చెప్పినవాళ్ళని ఎంత తరచుగా కలుస్తుంటారని అడిగాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో, తరచుగా కలిసే మనిషి ద్వారా దొరికిందన్నది దాదాపు 17 శాతమే. మిగతావాళ్ళకి ఆ కబురు అప్పుడప్పుడూ, లేదా ఎప్పుడో ఏడాదికోసారి కలిసేవాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. దగ్గరివాళ్ళకి మన మీద ప్రేమ ఎక్కువే, కానీ వాళ్ళకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది కదా. 2022లో ఇదే విషయాన్ని లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద పరీక్షించి చూశారు. మరీ దగ్గరివాళ్ళూ కాదు, మరీ ముక్కూమొహం తెలియనివాళ్ళూ కాదు, ఓ మోస్తరు పరిచయం ఉన్నవాళ్ళ వల్లే ఉద్యోగాలు ఎక్కువ మారాయని తేలింది. అవి ఉద్యోగాల లెక్కలే, అయినా సరుకు కొనే మనిషి కబురు కూడా అలాగే ప్రయాణిస్తుందని నా గట్టి నమ్మకం. ఆ ఓ మోస్తరు పరిచయాలు ఒకప్పుడు ఢిల్లీ ఎగ్జిబిషన్‌కో, దుబాయ్‌కో వెళ్తే తప్ప దొరికేవి కావు. ఇప్పుడు రాత్రి కొట్టు కట్టేశాక ఓ అరగంట కూర్చుంటే దొరుకుతున్నాయి.

సరే, ఎలా? మనవాళ్ళ ప్రొఫైళ్ళు చూస్తుంటే పేరు కింద "ప్రొప్రయిటర్" అని ఉంటుంది, లేదంటే "బిజినెస్" అని. బ్యాంకాక్‌లో కూర్చుని ఎండుమిర్చి కోసం వెతికేవాడికి ఆ మాటతో మీరు దొరకరు. అక్కడ మీ సరుకు పేరు రాయండి. "గుంటూరు ఎండుమిర్చి, తేజ, 334 రకాలు, తొడిమ తీసినవీ తొడిమతోనూ, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉంది" అని ఒక్క వాక్యం, ఇంగ్లీషులో. దాని కింద మీరు ఏ ఘాటు, ఏ రంగు, ఎంత తేమతో సరుకు ఇవ్వగలరో అంకెల్లో రాయండి. కొనేవాడు ఆస్టా కొలతలో రంగు ఎంత, స్కోవిల్ కొలతలో ఘాటు ఎంత అని అడుగుతాడు, "డీలక్స్ సరుకండీ" అంటే అతనికి ఏమీ అర్థం కాదు.

తర్వాత ఫోటోలు. దేవుడి పటాలూ పండగ శుభాకాంక్షలూ వాట్సాప్‌లో పెట్టుకుందాం, ఇక్కడ గ్రేడింగ్ జరుగుతున్న కళ్ళం ఫోటో పెట్టండి. తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు, పక్కన కుప్పగా పోసిన తాలు, వాళ్ళు ఒప్పుకుంటేనే సుమా. కింద రెండు ముక్కలు: ఈ లాట్ ఏ రకం, తేమ ఎంత వచ్చింది, ల్యాబ్ ఏం చెప్పింది. అలా వారానికో పోస్టు పడితే, మిమ్మల్ని ఎప్పుడూ చూడని మనిషికి కూడా మీ సరుకు ఎలాంటిదో, మీరు ఎంత శుభ్రంగా పని చేస్తారో ఏడాది తిరిగేసరికి తెలుస్తుంది. కొత్త వ్యాపారికి, ముఖ్యంగా తాతల కాలం నాటి పేరు లేనివాడికి, ఇంతకన్నా మంచి అవకాశం నాకు కనిపించలేదు. ఇంట్లోంచే కారం పొడి యూనిట్ నడుపుతున్న అక్కచెల్లెళ్ళకి మరీను, యార్డులో మగవాళ్ళ మధ్య నిలబడి మాట్లాడాల్సిన పని లేకుండానే నేరుగా కొనేవాళ్ళతో మాట్లాడొచ్చు.

ఎవరికైనా మొదటి మెసేజ్ పెట్టేటప్పుడు రేట్ల పట్టిక పంపొద్దు, దయచేసి. వాళ్ళు రాసింది చదివి, దాని గురించే ఒక ప్రశ్న అడగండి. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివినవాళ్ళు ఎవరైనా ఇక్కడ ఉంటే, లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేజీ తెరిచి పూర్వ విద్యార్థులు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో చూడండి. "నేనూ మన కాలేజీనే అన్నా" అన్న మాటకి బదులు రాకపోవడం అరుదు.

అమ్మకం కన్నా ముందు ఉపయోగపడేది సమాచారం. 2024 ఏప్రిల్‌లో కొన్ని భారతీయ మసాలా పొడుల్లో క్రిములను చంపడానికి వాడే ఎథిలీన్ ఆక్సైడ్ అనే రసాయనం ఉందని హాంకాంగ్, సింగపూర్ వాటి అమ్మకాలు ఆపించాయి. మరుసటి నెలలోనే ఆ రెండు చోట్లకీ వెళ్ళే సరుకుకి పరీక్ష తప్పనిసరి అయింది. అలాంటప్పుడు ఏ పరీక్ష చేయించాలి, ఎన్ని రోజులు పడుతుంది అని అడగడానికి ల్యాబులో ఒక మనిషి, షిప్పింగ్‌లో ఒక మనిషి తెలిసి ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది. ఆ పరిచయం అవసరం పడ్డ రోజున మొదలుపెడితే కుదరదు.

మోసాల సంగతి కూడా చెప్పాలి. పెద్ద కంపెనీ పేరుతో దొంగ ప్రొఫైళ్ళు ఉంటాయి. భారీ ఆర్డరు ఇచ్చి, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటే అక్కడితో ఆపేయండి. బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే, మీ దగ్గర ముందే ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగండి, మెయిల్‌లో ఇచ్చిన నంబరుకి కాదు. విదేశీ బయ్యర్ పరపతి గురించి మీ బ్యాంకునీ, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీజీసీనీ అడగొచ్చు, ఆ సంస్థ 1957 నుంచి ఎగుమతిదారులకు బీమా ఇస్తోంది. ఆన్‌లైన్‌లో మనిషి దొరుకుతాడు. నమ్మకం మాత్రం మచ్చు కాయలు పంపి, చిన్న లాట్ పంపి, డబ్బు సమయానికి వచ్చాకే కుదురుతుంది. మీరు యార్డులో కొత్తవాడితో ఎలా ఉంటారో అక్కడా అలాగే ఉండండి.

ఇప్పుడు అందరూ ఫోన్లు బయటికి తీయండి. ప్రొఫైల్ ఉన్నవాళ్ళు పేరు కింద వాక్యం మార్చండి, లేనివాళ్ళకి మన కుర్రాళ్ళు వరుసల మధ్య తిరుగుతూ తెరిచి ఇస్తారు. మీ సరుకు పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియకపోతే మొహమాటపడకండి, ఇక్కడికి రండి, కూర్చుని రాద్దాం.