అన్నం పెట్టిన చోటే అడ్రస్

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంత దూరం వచ్చినందుకు సంతోషం.

కాలిఫోర్నియాలో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేరిన మొదటి వారం నాకు నైట్ డ్యూటీ వేశారు. రాత్రి రెండింటికి బ్రేక్ రూమ్‌లో గోడవైపు తిరిగి కూర్చుని పెరుగన్నం డబ్బా తెరిచాను. చేత్తో కలుపుకుంటే ఎవరేమనుకుంటారో అని చెంచా తెచ్చుకున్నాను. ఇంతలో మా వార్డులో అందరికంటే పెద్దావిడ వచ్చింది. ఆమెది ఫిలిప్పీన్స్. తలుపు దగ్గరే నిలబడి "కుమాయిన్ కా నా బా?" అంది. నాకు అర్థం కాలేదు. "తిన్నావా అని అడుగుతున్నాను" అని ఇంగ్లీషులో చెప్పి, నా డబ్బా తీసుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పెట్టేసింది.

ఆ బల్ల చుట్టూ అయిదారుగురు కూర్చుని చేత్తో తింటున్నారు. అలా తినడాన్ని వాళ్ళు కమాయన్ అంటారు. కమాయ్ అంటే చెయ్యి. మధ్యలో అన్నం గిన్నె. పక్కన సినిగాంగ్, అంటే చింతపండు పులుసు. ఇంకో గిన్నెలో పినక్బెట్: వంకాయ, బెండకాయ, కాకరకాయ కలిపి వండి, ఉప్పులో ఊరబెట్టిన చేపల ముద్ద వేసిన కూర. మా ఊరి సంతలో దొరికే కూరగాయలన్నీ ఆ గిన్నెలోనే ఉన్నాయి. ఆవిడని అందరూ 'ఆతె' అని పిలుస్తున్నారు. అంటే అక్క. ఆ రాత్రి నుంచి నాకూ అక్కే.

చాలాకాలం అది ఆవిడ మంచితనమే అనుకున్నాను. మంచితనం ఉంది, కాదనను. కానీ ఆ 'తిన్నావా' వెనక ఎంత కథ ఉందో అమెరికాకి వచ్చిన ఫిలిప్పినోల చరిత్ర చదివాకే తెలిసింది. ఇవాళ అదే మీతో చెప్పాలనుకుంటున్నాను.

1906లో 15 మంది ఫిలిప్పినో కూలీలు హవాయి చెరకు తోటలకు వచ్చారు. అప్పటికి ఫిలిప్పీన్స్ అమెరికా పాలనలో ఉంది. 1920ల్లో వేలమంది కాలిఫోర్నియాకి చేరారు. దాదాపు అందరూ పెళ్ళికాని కుర్రాళ్ళే. ఒక కాలంలో స్టాక్టన్ దగ్గర ఆస్పరాగస్ కోత, ఇంకో కాలంలో ద్రాక్ష తోటలు, వేసవి వస్తే అలాస్కా చేపల ఫ్యాక్టరీలు. ఫిలిప్పినోలకు ప్రవేశం లేదని స్టాక్టన్ హోటళ్ళ ముందు బోర్డులు పెట్టారు. 1930 జనవరిలో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో తెల్లవాళ్ళ గుంపులు రోజుల తరబడి వాళ్ళ మీద పడ్డాయి. నిద్రపోయే చోటికి తూటాలు పేలిస్తే 22 ఏళ్ళ ఫెర్మిన్ తొబెరా చనిపోయాడు. తెల్లవాళ్ళను పెళ్ళి చేసుకోకూడదనే కాలిఫోర్నియా చట్టాన్ని 1933లో వీళ్ళకీ వర్తింపజేశారు. 1934 నుంచి ఏడాదికి 50 మందికి మించి రానివ్వలేదు. అంటే ఇక్కడ పెళ్ళి చేసుకోవడం కష్టం, అక్కడి నుంచి మనుషులూ రారు.

మరి ఇలా ఊరూరా తిరిగే మనిషికి అమ్మ ఉత్తరం రాస్తే ఏ అడ్రస్‌కి రాస్తుంది?

స్టాక్టన్‌లో లిటిల్ మనీలా అనే పేట ఉండేది. అక్కడ లఫాయెట్ లంచ్ కౌంటర్ అని ఒక చిన్న భోజనశాల. నడిపింది ఒక ఫిలిప్పినోనే. పని దొరకని రోజుల్లో డబ్బుల్లేకపోయినా అన్నం పెట్టేవాడు. ఎందరో కూలీలు ఆ భోజనశాలనే తమ అడ్రస్‌గా ఇచ్చారు. ఉత్తరాలు అక్కడికే వచ్చేవి. కోతలు ముగించుకుని తిరిగొచ్చినవాడు అక్కడ అన్నం తిని తన ఉత్తరం తీసుకునేవాడు. నేను ఎన్నిసార్లు చెప్పినా ఈ సంగతి దగ్గర గొంతు పట్టేస్తుంది. దేశంకాని దేశంలో "నువ్వెక్కడుంటావు?" అని అడిగితే, అన్నం పెట్టే చోటు పేరు చెప్పారు వాళ్ళు. ఆ పేటలో చాలా భాగాన్ని తర్వాత హైవే కోసం కూల్చేశారు.

ఇక కాలిఫోర్నియాలోనే ద్రాక్ష తోటల ఊరు డెలానో. 1965 సెప్టెంబరు 8న ల్యారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ఫిలిప్పినో కూలీలు ద్రాక్ష తోటల్లో పని ఆపేశారు. గంటకి 1.40 డాలర్ల కూలీ అడిగారు. అప్పటిదాకా ఫిలిప్పినోలు సమ్మె చేస్తే మెక్సికన్లని, మెక్సికన్లు చేస్తే ఫిలిప్పినోలని పనిలోకి దింపడం యజమానులకు అలవాటు. రెండు జాతులకీ వేరు వేరు క్యాంపులు, వేరు వంటలు. ఈసారి అది సాగలేదు. 16వ తేదీన సీజర్ చావెజ్ నడిపే మెక్సికన్ల సంఘం కూడా సమ్మెలో కలవాలని ఓటు వేసింది.

ఈ చరిత్ర రాసేవాళ్ళు ఓట్ల గురించి, ఊరేగింపుల గురించి పేజీలు రాసి, వంటింటికి ఒక్క వాక్యం కేటాయిస్తారు. నాకు అక్కడే ఆగాలనిపిస్తుంది. డెలానోలోని ఫిలిప్పినో హాల్ సమ్మెకి వంటిల్లయింది. రెండు జాతులవాళ్ళూ అక్కడే వరసలో నిలబడి వడ్డించుకున్నారు, అవే బల్లల దగ్గర తిన్నారు. సమ్మె దాదాపు అయిదేళ్ళు నడిచింది. పక్కన కూర్చుని రోజూ తింటున్నవాడి కూలీని రేపు పొద్దున వెళ్ళి లాక్కోవడానికి మనిషికి మనసొప్పదు. ఆ ఐకమత్యానికి సభలు ఎంత చేశాయో, ఆ అన్నం గిన్నె కూడా అంత చేసిందని నా నమ్మకం.

నిజానికి ఈ రెండు జాతులకీ పాత బంధుత్వమే ఉంది. 1565 నుంచి 1815 దాకా మనీలాకీ మెక్సికోలోని అకపుల్కోకీ మధ్య ఓడలు నడిచాయి. కొబ్బరి చెట్టు నుంచి కల్లు తీయడం మెక్సికోకి నేర్పింది ఫిలిప్పినోలే. కొలీమా ప్రాంతంలో ఇప్పటికీ దాన్ని తూబా అనే ఫిలిప్పినో పేరుతోనే పిలుస్తారు.

ఈ స్నేహం మచ్చ లేనిదని నేను చెప్పను. ఫిలిప్పినోల సంఘం, మెక్సికన్ల సంఘం ఒకటయ్యాక ఫిలిప్పినోల మాట వెనక్కిపోయింది. ఇట్లియాంగ్ 1971లో సంఘం వదిలేశాడు. ఆయన పేరు చాలా ఏళ్ళు ఎవరికీ గుర్తు రాలేదు. అది బాధ పెట్టే విషయం. అయినా ముసలివాళ్ళైన ఆ ఒంటరి కూలీల కోసం 1974లో డెలానోలో అగ్బయాని విలేజ్ కట్టారు. సమ్మెలో పికెటింగ్ చేస్తూ గుండె ఆగి చనిపోయిన ఒక ఫిలిప్పినో పేరు దానికి పెట్టారు. కలిసి తినడానికి అందులో భోజనాల గది కూడా ఉంది.

1965లోనే వలస చట్టం మారి నర్సులు రావడం పెరిగింది. మా ఆతె లాంటివాళ్ళు అలా వచ్చినవాళ్ళే. కోవిడ్ వచ్చినప్పుడు మా బల్ల మూతపడింది. ఎవరి డబ్బా వాళ్ళది, ఎవరి కారు వాళ్ళది. అమెరికా నర్సుల్లో ఫిలిప్పినోలు సుమారు 4 శాతం. 2020 సెప్టెంబరు నాటికి కోవిడ్‌తో చనిపోయిన నర్సుల్లో మూడోవంతు దాకా వాళ్ళేనని నర్సుల యూనియన్ లెక్క తేల్చింది. ఆ నెలల్లో ఆతె రోజూ ఫోన్‌లో అడిగిన మాట ఒక్కటే, "తిన్నావా?"

మన పిల్లలు స్కూల్లో పప్పన్నం డబ్బా మూత సగమే తీసి తింటున్నారని చాలామంది తల్లులు నాతో అన్నారు. ఫిలిప్పినో తల్లులదీ ఇదే బాధ. నేను నా కూతురికి ఏమీ బోధించలేదు. ఒక శనివారం ఆతె ఇంటికి తీసుకెళ్ళాను.

ఆతె ఇప్పుడు రిటైరైంది. మా పెరట్లో మునగచెట్టు ఉంది. మునగాకుని వాళ్ళు మలుంగ్గాయ్ అంటారు. రెండు కట్టలు కోసి పట్టుకెళ్ళాం. కోడిముక్కలు, అల్లం వేసి మరుగుతున్న తినోలా అనే చారులో ఆతె ఆకు దూసి వేసింది. నా కూతురు ఒక ముద్ద తిని, "అమ్మా, దీంట్లోకి మన ఊరగాయ ఉంటే బాగుండేది" అంది. ఆతె నవ్వుతూ లేచి ఫ్రిజ్ తెరిచింది. పోయిన ఏడాది నేనిచ్చిన ఆవకాయ సీసా అడుగున ఇంకా కొంచెం మిగిలి ఉంది.