చెన్నై ఎండల్లో సిగార్ మాగబెట్టడం

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు సిగార్లున్నాయి. రెండూ ఒకే రకం, ఒకే సైజు, రోబస్టో అనే ఐదంగుళాల లావుపాటి రకం. ఎడమవైపుది చుట్టి నాలుగు నెలలైంది. కుడివైపుది ఆరేళ్లది. హాల్లో వెలిగించడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి చివర్లో వాసన చూడటానికి మీ చేతికిస్తాం. ఈలోగా ఆ ఆరేళ్లలో ఆకులో ఏం జరిగిందో, అది మన చెన్నైలో సవ్యంగా జరగాలంటే ఏం చేయాలో మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. మాగిన సిగార్ గొంతుకు మెత్తగా ఉంటుంది గానీ ఒంటికి కాదు. ఘాటు తగ్గినంత మాత్రాన పొగలోని కేన్సర్ కారకాలు ఎక్కడికీ పోవు. ఇప్పటిదాకా పొగ తాగని వాళ్లు ఈ ప్రసంగం విని మొదలుపెట్టొద్దు. ఇది మనస్ఫూర్తిగా చెప్తున్న మాట.

చుట్ట మనకు కొత్త కాదు. ఇంగ్లిషు వాళ్ల చెరూట్ అనే మాట తమిళ సురుట్టు నుంచి వెళ్లిందే. మన చుట్టకూ దానికీ అర్థం ఒకటే. తిరుచిరాపల్లి చెరూట్లు 19వ శతాబ్దంలో ఇంగ్లండు దాకా పేరు తెచ్చుకున్నాయి. మద్రాసు స్పెన్సర్ కంపెనీకి దిండిగల్‌లో సిగార్ ఫ్యాక్టరీ ఉండేది. మన గోదావరి లంకల్లో పండే లంక పొగాకు సంగతి వేరే చెప్పక్కర్లేదు. అయితే చుట్టను ఏళ్ల తరబడి దాచే అలవాటు మన ఇళ్లలో పెద్దగా లేదు. బియ్యాన్ని దాచే అలవాటు ఉంది. కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది, అదే బియ్యం ఏడాది ఆగితే మెతుక్కి మెతుకు విడివిడిగా వస్తుంది. ఎవరూ ఏమీ కలపలేదు, ఊరికే ఉంచారు. కాకపోతే నూకలు పదేళ్లు దాచినా నూకలే. సిగార్ విషయంలో ఈ రెండు ముక్కలూ గుర్తుంటే సగం పని అయినట్టే.

ఆకు మన చేతికి రాకముందే చాలా దూరం ప్రయాణం చేసి ఉంటుంది. కోసిన ఆకును గాలి తగిలే శాలలో వేలాడదీసి ఆరబెడతారు. అందుకు సుమారు నెలన్నర, రెండు నెలలు పడుతుంది. తర్వాత తడి చూసుకుని ఆకును గుట్టగా పేర్చి మండె కడతారు. మండె లోపల వేడి పుడుతుంది. అది 50 డిగ్రీల చుట్టుపక్కలకి చేరితే మండె విప్పి లోపలి ఆకు బయటికి, బయటి ఆకు లోపలికి తిప్పి మళ్లీ కడతారు. తిప్పకపోతే ఆకు ఉడికి పోతుంది. ఈ దశలో గోదాంలోకి అడుగు పెడితే కళ్లు మండుతాయి. ఆకులోని మాంసకృత్తులు విరిగి అమ్మోనియాగా బయటికి వస్తుంటాయి. నల్లటి మడూరో ఆకును ఎక్కువ కాలం, ఎక్కువ వేడిలో ఉంచుతారు. మొక్క పైభాగంలో ఎండ బాగా తగిలి దళసరిగా పెరిగే లిజేరో ఆకులో నికోటిన్, నూనెలు ఎక్కువ. అందుకే దాన్ని చుట్టకముందే రెండు మూడేళ్లు నిలవ ఉంచుతారు.

మరి ఇంత మాగిన ఆకుతో చుట్టిన సిగార్ కొత్తగా ఉన్నప్పుడు ఎందుకు గొంతు పట్టేస్తుంది? చుట్టేటప్పుడు ఆకు విరగకుండా ఉండాలని దాన్ని తడుపుతారు. ఆ తడితో ఆగిపోయిన పని మళ్లీ మొదలవుతుంది, అమ్మోనియా మళ్లీ పుడుతుంది. చుట్టిన తాజాలో బాగానే ఉన్న సిగార్ రెండు మూడు నెలలకి చేదుగా, ముక్కు మండేలా తయారయ్యేది ఇందుకే. పాశ్చాత్యులు దీన్ని జబ్బు దశ అంటారు. మంచి ఫ్యాక్టరీలు చుట్టిన సిగార్లను సెడార్ చెక్క అలమరాల గదిలో వారాలు, నెలలు ఆరనిచ్చి గానీ పంపవు. అయినా కొంత మిగులుతుంది. డబ్బా తెరవగానే ముక్కుపుటాలకు గాఢమైన ఘాటు కొట్టిందంటే కాల్చొద్దు, ఆగండి.

డబ్బాలో కాలం చేసే పనులు మూడు, వాటి వేగాలు వేరు వేరు. మొదటిది, అమ్మోనియా పోవడం. దీనికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అమ్మోనియా పొగకు క్షార గుణాన్ని ఇస్తుంది, క్షారం ఉన్న పొగలో నికోటిన్ నోటి పొరకు త్వరగా ఎక్కుతుంది. అది తగ్గాక ఆ తల తిరిగే దెబ్బ తగ్గుతుంది. రెండోది, వగరు పోవడం. టీ ఆకులో ఉన్నట్టే పొగాకులోనూ పాలీఫెనాల్స్ ఉంటాయి. అవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ముదురు రంగుకు తిరుగుతాయి, నాలుకను పట్టేసే గుణం పోగొట్టుకుంటాయి. కొత్త చింతపండు ఏడాదికి నల్లబడటం చూశారుగా. దీనికి రెండు మూడేళ్లు, గట్టి సిగార్లకైతే ఐదేళ్లు. మూడోది నెమ్మది పని. ఆకులోని పసుపుపచ్చ వర్ణకాలు, అంటే కెరోటినాయిడ్లు, కొద్దికొద్దిగా విరిగి సువాసన పదార్థాలవుతాయి. మంచి టీలో, వైన్‌లో వచ్చే పూల వాసన, ఎండు పళ్ల వాసన వీటి కుటుంబానిదే. పాత సిగార్లో ఎండుద్రాక్ష, తేనె, ఎండుగడ్డి లాంటి వాసన తగిలితే అది ఎవరో కలిపింది కాదు.

ఈ మూడూ జరుగుతుండగానే నాలుగోదీ జరుగుతుంది. తేలిగ్గా ఆవిరయ్యే నూనెలు వెళ్లిపోతుంటాయి. మిరియాల ఘాటు ముందు పోతుంది. తర్వాత కాఫీ, తోలు లాంటి దిట్టమైన రుచులు పలచబడతాయి. పదేళ్లు దాటాక చాలా సిగార్లలో మిగిలేది సన్నని, నోట్లో చాలాసేపు నిలిచే రుచి. అది ఇష్టమైన వాళ్లకు అమృతం. ఘాటు కోసం కాల్చేవాళ్లకు ఉప్పు లేని పప్పు. పాతది అంటే మంచిది అని ధర పెంచి అమ్మే మాటను మేం ఒప్పుకోం. కనెక్టికట్ అనే లేత రంగు రకం పై ఆకుతో తేలిగ్గా చుట్టినవి ఏడాది, రెండేళ్లలో కాల్చేయాలి. వాటి దగ్గర పోగొట్టుకోవడానికి ఎక్కువ లేదు. లిజేరో ఆకు ఎక్కువ కలిసిన గట్టి సిగార్లకే ఐదేళ్లు, ఎనిమిదేళ్లు పెట్టడం న్యాయం. కృత్రిమ రుచి పట్టించిన వాటిని మాత్రం మిగతావాటితో ఒకే డబ్బాలో ఉంచకండి. వెనీలా వాసన పక్క సిగార్లకు అంటిందంటే ఇక వదలదు.

వయసు లెక్క కొన్న తేదీ నుంచి కాదు, చుట్టిన తేదీ నుంచి. క్యూబా డబ్బా అడుగున నెల, సంవత్సరం ముద్ర ఉంటుంది. నెల పేరు స్పానిష్‌లో మూడక్షరాలు. ఏబీఆర్ అంటే ఏప్రిల్, ఏజీఓ అంటే ఆగస్టు. ముద్ర లేని డబ్బా అయితే కొన్న తేదీ పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి.

ఇక చెన్నై సంగతి. పుస్తకాల్లో చెప్పే లెక్క 70 శాతం తేమ, 21 డిగ్రీల వేడి. ఏళ్ల తరబడి మాగబెట్టాలంటే ఇంకొంచెం తక్కువ మంచిది. తేమ 62 నుంచి 65 శాతం, వేడి 18 డిగ్రీల దగ్గర. బెంగళూరు వాళ్లకు ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో గాలి పొడిబారడమే బాధ. మనకు అది కాదు. తేమ మనకు సముద్రం ఇస్తుంది, అడగకుండా ఇస్తుంది. మన శత్రువు వేడి, దానికంటే పెద్ద శత్రువు ఊగిసలాట. రాత్రి ఏసీ వేస్తే గది తేమ పడిపోతుంది, పొద్దున ఆపగానే ఎగబాకుతుంది. గదిలో పెట్టిన అందాల చెక్కపెట్టె మూత సరిగ్గా బిగియకపోతే సిగార్ రోజూ ఉబ్బి, రోజూ ముడుచుకుంటుంది. పై ఆకు పల్చన, లోపలి కట్ట దళసరి, రెండూ ఒకే వేగంతో సాగవు. పగుళ్లు అక్కడ పుడతాయి.

అందుకని మూత గట్టిగా బిగిసే డబ్బాలే మనకు నమ్మకం. 25 సిగార్లు పట్టే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో స్పానిష్ సెడార్ పలకలు రెండు, డబ్బాలో తేమను 65 శాతం దగ్గర నిలిపే 60 గ్రాముల తేమ ప్యాకెట్టు ఒకటి. స్పానిష్ సెడార్ అసలు దేవదారు కాదు, మన వేప కుటుంబానికి చెందిన చెట్టు. కొత్త ప్లాస్టిక్ వాసన పోయేదాకా, వంటసోడా నీళ్లతో కడిగి మూత తీసి వారం ఆరబెట్టండి. చెక్కపెట్టె వాడేవాళ్లు డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీళ్లు పోయకండి. బోరు నీళ్ల లవణాలు తేమనిచ్చే స్పాంజిని నెలల్లో మూసేస్తాయి.

ఈ డబ్బాలను వైన్ కూలర్లో 18 డిగ్రీల దగ్గర పెట్టండి. సిగార్లను నేరుగా కూలర్ అరల్లో పేర్చొద్దు. కంప్రెసర్ తిరిగిన ప్రతిసారీ చల్లని పలక మీద నీరు చేరి లోపలి గాలి ఎండిపోతుంది. డబ్బాలో ఉంటే ఆ బాధ అంటదు. కంప్రెసర్ లేని రకం కూలర్లు గది వేడి కంటే కొన్ని డిగ్రీలే కిందికి దిగుతాయి. మే నెల అగ్ని నక్షత్రం ఎండల్లో గది 36 డిగ్రీలు ఉంటే అవి చేతులెత్తేస్తాయి. మామూలు ఫ్రిజ్ అసలు వద్దు. కరెంటు పోతే తలుపు తీయకండి, కొన్ని గంటలు అదే కాపాడుతుంది. కాల్చడానికి ఒకటి తీసేటప్పుడు జిప్ కవర్లో పెట్టి బయట గంటసేపు ఉంచి తెరవండి. లేకపోతే చల్లని ఆకు మీద మన గాలి తడి మంచు బిందువుల్లా పేరుకుంటుంది.

కూలర్ కొనలేని వాళ్లు డబ్బాను ఇంటి నడిమి గదిలో, నేల మీద, పడమటి గోడకు దూరంగా పెట్టండి. అటక మీద వద్దు, ఇంట్లో వేడంతా అక్కడికే చేరుతుంది. ప్యాకెట్టు 62 శాతానిది వాడండి. ఏడాది, రెండేళ్లకు ఇబ్బంది లేదు. పదేళ్ల ఆశ మాత్రం పెట్టుకోకండి.

ఇక పురుగు. ఎర్రటి గోధుమ రంగు, రెండు మూడు మిల్లీమీటర్ల చిన్న పెంకు పురుగు. మన పసుపు కొమ్ముల్లో, ధనియాల్లో, ఎండుమిర్చిలో పడేది ఇదే. అందుకే సిగార్లను వంటింటి దినుసుల దరిదాపుల్లో పెట్టకండి. గుడ్లు ఆకులో ముందే ఉండవచ్చు, కంటికి ఆనవు. వేడి 22, 24 డిగ్రీలు దాటితే పొదిగే ప్రమాదం పెరుగుతుంది. మన గదుల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకంటే ఎక్కువే. పిల్ల పురుగు లోపల సొరంగం తొలుస్తూ పోతుంది. గుండుసూది గుచ్చినట్టు గుండ్రటి కన్నం, కింద గోధుమ రంగు పొడి కనిపించేసరికి అది పని ముగించి ఉంటుంది.

కాబట్టి కొత్తగా ఇంటికొచ్చిన ప్రతి డబ్బాకూ ఈ వరస తప్పదు. గాలి పిండేసి రెండు జిప్ కవర్లలో కట్టండి. ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో. తర్వాత మైనస్ 18 లేదా అంతకంటే చల్లని ఫ్రీజర్లో మూడు రోజులు. ఇంటి ఫ్రీజర్ మాటిమాటికీ తెరుస్తాం కాబట్టి ఐదు రోజులు ఉంచితే నిశ్చింత. మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో, ఆ తర్వాత ఒక రోజు బయట, కవరు విప్పకుండా. మధ్య మెట్లు దాటేసి నేరుగా ఫ్రీజర్ నుంచి ఎండలోకి తెస్తే పై ఆకు నిలువునా చీలుతుంది. తొందరపడి సిగార్లు పాడుచేసుకునేది ఎక్కువగా ఈ మెట్టు దగ్గరే.

తేమ కొలిచే మీటరును కొన్న రోజే పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు, తడిసి ముద్దయ్యేంత నీళ్లు, కరిగిపోయేంత కాదు. ఆ మూతనూ మీటరునూ ఒకే జిప్ కవర్లో మూసి రోజంతా ఉంచండి. 75 చూపించాలి. 71 చూపిస్తే మీ మీటరు నాలుగు తక్కువ చెప్తోందన్నమాట. ఇంతకంటే నమ్మకమైనది ఇంకోటి ఉంది. నగల షాపు వాళ్లు వాడే చిన్న డిజిటల్ తూకం. డబ్బాలో ఒక సిగార్‌కు గుర్తు పెట్టి నెలకోసారి తూయండి. మొదటి రెండు మూడు నెలలు బరువు తగ్గి ఒకచోట నిలవాలి. నిలిచాక పది గ్రాములది పావు గ్రాము పెరిగినా తగ్గినా డబ్బా మూత చూసుకోండి. ఎండిపోయిన సిగార్‌ను తిరిగి తేమ పట్టించాలంటే వారాలు తీసుకోండి, 58, 62, 65 అని మెట్టు మెట్టుగా. ఒక్కసారి 70లో పెడితే లోపలి ఆకు ఉబ్బి పై ఆకును చీల్చేస్తుంది.

తెల్లటి పొడి కనిపిస్తే నూనెలు పైకి వచ్చి గడ్డకట్టాయని సంబరపడేవాళ్లున్నారు. మన ఊళ్లో అది బూజు అనుకోవడమే క్షేమం. భూతద్దంలో నూగులా, మచ్చమచ్చలుగా, నీలం ఆకుపచ్చ ఛాయలో ఉంటే అనుమానమే అక్కర్లేదు. కాల్చే కొస లోపల బూజు ఉంటే పారేయండి. పైన మాత్రమే ఉన్నా మిగతావాటి నుంచి వేరు చేయండి.

మొదటి ఏడాది పది రోజులకోసారి మూత తీసి ఐదు నిమిషాలు గాలి ఆడనివ్వండి, అమ్మోనియా వెళ్లాలి. ఆ తర్వాత నెలల తరబడి ముట్టుకోకండి. 25 సిగార్ల డబ్బా కొంటే వచ్చినప్పుడు ఒకటి, తర్వాత ఆరు నెలలకొకటి కాల్చి నాలుగు మాటలు రాసి పెట్టుకోండి. ఘాటు, వగరు, పొగ వెళ్లాక నోట్లో మిగిలిన రుచి. వరసగా రెండుసార్లు రుచి పలచబడిందని రాసుకున్నారంటే ఆ డబ్బా మంచి దశ దాటింది, మిగతావి ఆ ఏడాదే పూర్తి చేయండి.

ఇప్పుడు ఈ రెండూ అందుకోండి. ముందు ఎడమవైపుది. పై ఆకు కాదు, కోసిన కొస ముక్కు దగ్గర పెట్టుకుని నెమ్మదిగా పీల్చండి. మొదట పశువుల కొట్టం, వెనకాల మిరియం. ముక్కు లోపల చిన్నగా చురుక్కుమంటుంది, అది అమ్మోనియా. ఒక్క నిమిషం ఆగి ముక్కు తేరుకున్నాక కుడివైపుది తీసుకోండి. చురుకు ఉండదు. ఎండుగడ్డి, ఆ వెనక తీపి. వేళ్లతో పై ఆకును మెల్లగా తాకండి, కొత్తదాని కంటే జిడ్డు తక్కువ. వెనక వరసల వాళ్లకూ అందేలా చూడండి, కొసలు మాత్రం నలపకండి.