ఆటల పీరియడ్‌లో నిజంగా ఆడింది ఎంతసేపు?

అందరికీ నమస్కారం. మీ పిల్లలకు వారానికి ఎన్ని ఆటల పీరియడ్లు ఉన్నాయని అడిగితే ఠక్కున చెప్పేస్తారు. అందులో మీవాడు ఎంతసేపు పరిగెత్తాడు అంటే మాత్రం చెప్పలేరు, ఎందుకంటే అది ఎవరూ లెక్కపెట్టరు.

నేనొకసారి లెక్కపెట్టాను. ఎనిమిదో తరగతి పిల్లలు ఆడుతుంటే గ్రౌండ్ చివర నిలబడి, ఒకే ఒక్క అమ్మాయిని చూస్తూ, ఆమె కదిలితే స్టాప్‌వాచ్ నొక్కడం, ఆగితే ఆపడం. హాజరు, వరసలు సరిచేయడం, తర్వాత లాంగ్ జంప్ కోసం పొడవాటి క్యూ. ఆమె వంతు రెండేసార్లు వచ్చింది. 40 నిమిషాల పీరియడ్ అయ్యేసరికి వాచ్‌లో 6 నిమిషాలు కూడా లేవు. ఆ పిల్ల బద్ధకస్తురాలు కాదండీ, బుద్ధిగా తన వంతు కోసం నిలబడింది, అంతే!

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదలాలని, వారంలో కనీసం 3 రోజులు కండరాలకీ ఎముకలకీ బలమిచ్చే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల్లో ప్రపంచం మొత్తం మీద 11-17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మంది అంత కదలడం లేదని తేలింది. అమ్మాయిల్లో అయితే 85 శాతం.

దమ్ము ఊరికే రాదు. గుండె వేగంగా కొట్టుకునే పని వారాల తరబడి చేస్తే, ఒక్కో దెబ్బకి అది పంపే రక్తం పెరుగుతుంది, అప్పుడు అదే పరుగుకి తక్కువ ఆయాసం వస్తుంది. ఎముకల సంగతి ఇంకా తొందరైనది: పెద్దయ్యాక మనకుండే ఎముక ఖనిజంలో దాదాపు పావు వంతు, పిల్లలు గబగబా ఎదిగే ఆ రెండేళ్ల చుట్టూనే చేరుతుంది. గెంతులు, పరుగులు కావాల్సింది సరిగ్గా అప్పుడే, మనం చదువు టెన్షన్‌తో ఆ పీరియడ్‌ని లెక్కలకి ఇచ్చేసేదీ అప్పుడే.

ఒక మాట, బరువు తగ్గలేదని ఆటల పీరియడ్‌ని తీసిపారేయకండి. బడిలో చేయించే వ్యాయామంతో బరువులో పెద్ద తేడా రాదు, దమ్ము మాత్రం కొంత పెరుగుతుంది. 20 మీటర్ల షటిల్ రన్, అంటే 20 మీటర్ల దూరంలో ఉన్న రెండు గీతల మధ్య అటూ ఇటూ పరిగెత్తడం, పెడితే అది తెలుస్తుంది. గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలై నిమిషానికో అర కిలోమీటరు పెరిగే పరుగు. కానీ దయచేసి చివర వచ్చినవాళ్ల పేర్లు అందరి ముందూ చదవకండి, పోయిన నెల తను ఎంత పరిగెత్తాడో వాడికే చూపించండి.

పీరియడ్‌లో కనీసం సగం సేపైనా పిల్లలు చురుగ్గా కదలాలన్నది నిపుణుల మాట. ఆ రోజు ఆ పిల్లల్ని ఆడించిన పీఈటీ సార్‌కి వాచ్ చూపిస్తే ఆయన ఏమీ అనుకోలేదు. తర్వాతి వారం క్యూ తీసేసి, నలుగురేసి జట్లు చేసి, జట్టుకో బంతి ఇచ్చారు. అదే అమ్మాయి, అదే వాచ్: 19 నిమిషాలు. జడ ఊడిపోయి, ముఖం ఎర్రబడి, బెల్ కొట్టాక కూడా బంతి వదలలేదు.