515001 లోపల ఏముంది?

(అనంతపురంలో జాతీయ గణిత దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

రామానుజన్ పుట్టినరోజున మాట్లాడమంటే అందరూ 1729తో, అంటే రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల అతి చిన్న సంఖ్యతో మొదలుపెడతారు. ఆ కథ మీకు తెలిసిందే, వదిలేద్దాం. మన ఊరి పిన్‌కోడ్ తీసుకుందాం: 515001. 1972లో తపాలా శాఖ ఈ పద్ధతి పెట్టింది ఉత్తరాలు వేరుచేయడానికే, భాగహారాలు చేయడానికి కాదు. అయినా చేసి చూద్దాం.

అంకెల మొత్తం 12 కాబట్టి 3 దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. 171667 వస్తుంది. ఇక్కడి నుంచి ఓపిక కావాలి. 37 వరకు ఏ ప్రధాన సంఖ్యకూ అది లొంగదు, 41కి లొంగుతుంది. మిగిలిన 4187 ఏమో 53, 79ల లబ్ధం. అంటే 515001 = 3 × 41 × 53 × 79. నాలుగూ ప్రధాన సంఖ్యలే, ఏదీ రెండోసారి రాలేదు.

నాలుగంటే కాస్త ఎక్కువే. ఒక సంఖ్యకు మామూలుగా ఎన్ని వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఉంటాయో 1917లో ఆంగ్ల గణితవేత్త హార్డీ, రామానుజన్ తేల్చారు. సహజ సంవర్గమానం (నేచురల్ లాగరిథమ్) తీసి, దానికి మళ్లీ సంవర్గమానం తీస్తే వచ్చే విలువకు దరిదాపుల్లో ఉంటాయి. ఐదు లక్షల దగ్గర ఆ విలువ రెండున్నర పైచిలుకు. కడప 516001 = 17 × 127 × 239. కర్నూలు 518001 = 3 × 11 × 11 × 1427. రెండింటికీ వేర్వేరువి మూడేసి. ఈ ఒక్క విషయంలో పొరుగు జిల్లాలను మించాం!

అసలు తమాషా ఇప్పుడు. మన సంఖ్యకు 1తో, తనతో కలిపి 16 కారణాంకాలు. వాటన్నిటి మొత్తం కావాలంటే విడివిడిగా కూడనక్కరలేదు. ఒక్కో ప్రధాన సంఖ్యకు ఒకటి కలిపి గుణిస్తే చాలు: 4 × 42 × 54 × 80 = 725760. ఒకటి నుంచి తొమ్మిది వరకు వరుసగా గుణిస్తే 362880. మన మొత్తం దానికి సరిగ్గా రెట్టింపు! ఇందులో మహిమ లేదు. 4, 42, 54, 80లను విడగొడితే 2, 3, 5, 7 తప్ప మరేమీ దొరకవు, అవి అనుకోకుండా ఆ పాళ్లలో కుదిరాయి. అయినా మొదటిసారి చూసినప్పుడు నేను గుణకారం మళ్లీ సరిచూసుకున్నాను.

బండి నంబరు అంకెలు కూడితే తొమ్మిది రావాలని వేలకు వేలు పోసేవాళ్లున్నారు. అంకెల మొత్తం మనం పదుల్లో రాయడం వల్ల వచ్చేది. ఇదే సంఖ్యను కంప్యూటర్ లాగా 0, 1 అనే రెండు అంకెలతోనే రాస్తే అంకెల మొత్తం 12 కాస్తా 14 అవుతుంది. కారణాంకాలు మాత్రం ఎలా రాసినా అవే.

మన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయలేం. నాలుగుతో భాగిస్తే మూడు మిగిలే 3, 79 ఇందులో ఒక్కొక్కసారే ఉండటం అందుకు కారణం. కడప, కర్నూలు సంఖ్యలదీ ఇదే గతి. రెండు వర్గాల భేదంగా మాత్రం ఎనిమిది రకాలుగా రాయవచ్చు. ఒకటి నేను చెబుతాను: 1205 వర్గంలోంచి 968 వర్గం తీసేయండి. మిగతా ఏడూ ఇక్కడున్న పిల్లలు కనిపెట్టాలి. పదహారు కారణాంకాలను జతలుగా రాసుకుని మొదలుపెట్టండి.